రెండు గడుల కాగితం

రాత్రి భోజనాలయ్యాక
రిసెప్షన్ పక్కన కాగితం అంటిస్తాను.
ఎడమ గడిలో నడక, కుడి గడిలో సైకిలు.
మధ్యలో గీత సన్నం.
దారానికి వేలాడే పెన్సిలు
ఎప్పుడూ మొద్దు.

డాన్యూబ్ మీద ఈ ఓడలో నాకిది ఆరో వేసవి.
ఇరవై రెండు సైకిళ్లు, ఒక పంపు, ఒక నూనె డబ్బా.
ఎవరి మొహమైనా మరిచిపోతాను గానీ
ఎవరి కాలు ఎంత పొడవో మరిచిపోను.

కాగితం ముందు జనం నిలబడే తీరు చూడాలి.
లింజ్ నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్లు
ఒకరి మోకాలిని ఇంకొకరి నడుంతో తూకం వేస్తారు.
కొత్త పెళ్లికొడుకు కుడి గడిలో ఇద్దరి పేర్లూ రాసి వెళ్తాడు.
అరగంటకి ఆమె వచ్చి
తన పేరొక్కటీ చెరిపి
అవతలి ఒడ్డుకి చేర్చుకుంటుంది.

నడిపించే రోస్విత ఊరుకోదు:
"నడిస్తేనే కదా రాతిగోడ సందులో బల్లి కనపడేది,
గుమ్మం పక్కన పాత వరదల గీతలు కనపడేవి,
ఎవరింట్లో ఆప్రికాట్ జామ్ అడుగంటిందో
ముక్కుకి తెలిసేది."
నేనూ ఊరుకోను:
"తొక్కితేనే కదా
ఊరికీ ఊరికీ మధ్య ఉన్నదంతా
గాలిదని తెలిసేది."
వంటవాడు మా ఇద్దర్నీ ఆపి లెక్క అడుగుతాడు.
నడిచొచ్చినవాళ్లు సూపు తాగుతారట,
తొక్కొచ్చినవాళ్లు బీరు.

ప్రోహాస్కా గారు మాత్రం రోజూ కుడి గడే.
డెబ్బై తొమ్మిదేళ్లు, ఇస్త్రీ చొక్కా.
"సీటు ఎంత ఎత్తు పెట్టమంటారు?"
"మీ ఇష్టం."
ఆరేళ్లలో ఆ మాట అన్నవాళ్లు ఇంకొకరు లేరు.
అందరూ బయల్దేరేవేళ
ఆయన వంగి బూటు లేసు కట్టుకుంటాడు.
"మీరు పదండి, నేనొస్తా."

మూడోనాడు సాయంత్రం బళ్లు తుడుస్తుంటే
ఆయన సీటు మీద
పొద్దున పిచ్చుక వేసిన రెట్ట
చెక్కుచెదరకుండా ఉంది.

మర్నాడు వైసెన్‌కిర్షెన్ దాటాక
ఎవరికో పంక్చరైందని వెనక్కి వెళ్లాను.
ద్రాక్షతోటల మలుపులో ఆయన,
ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి సీటు మీద,
సంతలో కొన్న దూడని తోలుకెళ్తున్నట్టు
మెల్లగా.
ఎత్తు వస్తే దాని మీద ఒరుగుతున్నాడు.
పల్లం వస్తే బ్రేకు.
ఎదురుగా ఎవరైనా సైకిలు మీద వస్తే
తనూ ఒకసారి గంట కొడుతున్నాడు.

నన్ను చూసి దాక్కోవడానికి అక్కడ చెట్టు కూడా లేదు.

"నలభై ఏళ్లు వియన్నాలో ట్రామ్ నడిపానమ్మాయ్.
పట్టాలు ఎటంటే అటు.
పక్కకి పడిపోగల బండి ఎక్కడం
నాకెవరూ నేర్పలేదు."

"మరి ఎడమ గడిలో రాయొచ్చుగా?"

కాసేపు నది వైపు చూశాడు.
"నడిచేవాళ్లకి రోస్విత కర్ర ఇస్తుంది.
కర్ర పట్టుకుంటే, ముసలాయన, అంటారు.
ఇది పట్టుకుంటే,
అయ్యో, టైరు పోయినట్టుంది, అంటారు."

డ్యూర్న్‌స్టైన్ నీలిరంగు గోపురం కనపడేదాకా
ఇద్దరం నడిచాం.
నా సైకిలు అటు, ఆయనది ఇటు.
ప్యాంటు అంచు లేచినప్పుడు చూశాను,
కుడి కాలు ముందుభాగమంతా కమిలి ఉంది.
అడుగడుక్కీ పెడలు కొట్టుకుంటోంది.

ఆ రాత్రి కూడా కాగితం అంటించాను.
పెన్సిలు చెక్కాను.
రోస్వితకి చెప్పలేదు, వంటవాడికీ చెప్పలేదు.
అందరూ పడుకున్నాక డెక్ మీదకి పోయి
పదిహేడో నంబరు సైకిలు బ్రేకులు బిగించి
ఎడమ పెడలు విప్పి
నా సొరుగులో పెట్టాను.

ఆయన ఇప్పటిదాకా అడగలేదు.