ఎగ్జిబిట్ పదిహేడు

సొహార్‌లో రాత్రి షిఫ్టు దిగి
బూట్లలో ఉప్పు దులుపుకుంటుంటే
లాయరు మెయిలు:
"మీ పని మంచిదే, కాదనడం లేదు.
దేశానికి ముఖ్యమని ఎలా రుజువు చేస్తారు?"

ఏ దేశానికని అడగాలనిపించింది.
పుట్టిన దేశం పాస్‌పోర్టు ఇచ్చింది.
ఈ దేశం రెండేళ్ళకోసారి రెన్యువల్ ఇస్తుంది.
అడుగుతున్నది ఇంకా నా మొహం చూడని మూడోది.

పద్నాలుగేళ్ళుగా నాది ఒకటే పని,
సముద్రంలోంచి ఉప్పును విడదీసే పొరలు
ఎక్కడ అలిసిపోతున్నాయో కనిపెట్టడం.
ప్రెషర్ అర పాయింటు జారితే
గేజు కన్నా ముందు నా వెన్నుకు తెలుస్తుంది.
దీనికి సర్టిఫికెట్ ఎవరిస్తారు?

సొంత డబ్బా కొట్టుకోకూడదని పెంచారు మా ఇంట్లో.
కనిగిరిలో డబ్బా అంటే ముందు నీళ్ళ డబ్బానే,
ఇరవై లీటర్లు, మూత కింద ఈగ.
అది ఖాళీ అయితేనే మోగేది.
ఇప్పుడు నిండుగా ఉండి మోగమంటున్నారు
పద్దెనిమిది పేజీలు, డబుల్ స్పేసులో.

ఎర్ర నాచు కమ్మిన వారం గురించి రాశాను.
సముద్రం తుప్పునీళ్ళలా చిక్కబడింది,
చచ్చిన చేపలు జల్లెడకి అడ్డంపడ్డాయి,
ప్లాంటు మూసేయమని ఆర్డరు.
ఒక్క లైను మాత్రం ఆగకుండా నడిపాం
నేనూ, బలూచీ ఫోర్‌మన్ దాద్ కరీమూ,
నిద్ర రాకుండా పచ్చిమిరపకాయ నమిలే తంకచ్చనూ.
మందు కలిపే లెక్క నాది. చేతులు వాళ్ళవి.
ఆసుపత్రి ట్యాంకు ఎండలేదు.

డ్రాఫ్టు తిరిగొచ్చింది ఎర్రగీతలతో.
"మేము నడిపాము" కొట్టేసి "నేను నడిపాను".
దాద్ కరీం పోయాడు. తంకచ్చన్ పోయాడు.
చావలేదు, మూడో పేరాలోంచి పోయారంతే.
"గుంపుకి వీసా ఇవ్వరు మాలకొండయ్య గారూ"
ఫోనులో ఓపిగ్గానే చెప్పింది లాయరమ్మ.

మా భాషలో మేము వేరు, మనం వేరు.
మేము అంటే ఎదుటివాడు గుమ్మం బయట.
మనం అంటే కాస్త జరిగి వాడికీ చోటిచ్చినట్టు.
పిటిషన్ భాషలో రెండిటికీ ఒకటే మాట,
దాన్నీ కొట్టేశారు.

ఎగ్జిబిట్లు పదహారు అయ్యాయి.
పేటెంట్‌లో నా పేరున్న పేజీ,
నేనెన్నడూ కలవని ప్రొఫెసరు
నన్ను మెచ్చుకున్న ఉత్తరం, ఇంకా ఏవో.
పదిహేడోది ఏమైనా ఉందా అంది.
వీడియో కాల్లో నవ్వాను, నోరంతా తెరిచి.
పసుపుచారల పళ్ళు, ఫ్లోరైడు బోరు సంతకం,
ఏ నోటరీ అక్కర్లేనిది.
ఆవిడది గుడివాడ, కాలవనీళ్ళ ఊరు.
నెట్ ఆగిందేమో అనుకుంది.

తెల్లారింది. గేటు దగ్గర దాద్ కరీం
కొళాయి సగమే తిప్పి వుజూ చేసుకుంటున్నాడు.
ఆ నీళ్ళకి ఏ దేశపు రుచీ లేదు,
లేకుండా చూడడమే నా ఉద్యోగం.
ఫైల్లో ఖాళీ గడి ఇంకా అడుగుతూనే ఉంది.
"మనం" అని టైపు చేసి
కంప్యూటరు దాని కింద ఎర్రగీత గీసేదాకా చూసి
సేవ్ చేయకుండా పడుకున్నాను.