ముప్పై ఆరో ఛానెల్

గ్రిమ్స్‌బీలో, చేపల వాసన వదలని వీధి చివర
ఛారిటీ షాపువాళ్ళు నాలుగు పౌండ్లకిచ్చారు
రబ్బరు మీటల నల్ల కంప్యూటరు.
అప్పడాల పీటంత కూడా లేదు.
దాంతోపాటు ఒక క్యాసెట్టు,
మీద నీలం సిరాతో, వంకరటింకరగా:
"గ్యారీది. ముట్టుకుంటే చస్తారు."

మా ఇంట్లో గోడంత టీవీ ఉంది.
దాని వెనక అన్నీ పల్చటి నోళ్ళు,
ఈ తీగ కొసేమో గుండ్రం, మొండి.
ఏరియల్ బొక్కలో దూరనైతే దూరింది.
"సిగ్నల్ లేదు" అని మర్యాదగా చెప్పి
టీవీ నిద్రపోయింది.

పక్కింటి లెన్ స్టొథర్డ్ గోడ మీంచి చూసి నవ్వాడు.
ఇరవై రెండేళ్ళు
టీవీలు అద్దెకిచ్చే కొట్లో రిపేర్లు చేసినవాడు.
గ్యారేజీలో, పెయింటు డబ్బాల వెనక
దుప్పటి కప్పుకుని ఒకటుందన్నాడు.
ఇద్దరం మోశాం. నిండిన గాబులా ఉంది,
మూడు చోట్ల దించాం,
ఒకచోట నా బొటనవేలి మీద.

తెర వేడెక్కడానికి కాసేపు పట్టింది.
నువ్వులూ బియ్యమూ కలిపి చేటలో చెరుగుతున్నట్టు
చుక్కలు. హోరు.
నేను మొహం తెరకానించి వెతుకుతున్నాను.
లెన్ చిన్న గుండీ తిప్పుతూ
"చూడకు" అన్నాడు, "విను.
ముప్పై ఆరు దగ్గర, బొమ్మ కంటే ముందు
హోరు ఆగిపోతుంది.
అప్పుడు చెయ్యి తీసెయ్యాలి."

నాది రాత్రి డ్యూటీ. నర్సుని.
నాకు తెలిసిన నిశ్శబ్దం వేరు.
పన్నెండో మంచం దగ్గర ఉన్నట్టుండి చప్పుడాగితే
కాలి చెప్పు జారినా వెనక్కి చూడకుండా
పరిగెత్తించే నిశ్శబ్దం అది.

హోరు ఆగింది.
నా కాళ్ళు వాటంతటవే లేవబోయాయి.

లెన్ గుండీ మీంచి చెయ్యి తీశాడు,
పొంగబోయే పాల మీంచి మూత తీసినంత మెల్లగా.
బూడిదరంగు తెర.
అడుగున చీమలబారులా ఒకే ఒక్క వరస,
తను ఎప్పటిదో తనే చెప్పుకుంటూ.

ఇక క్యాసెట్టు.
మొదటిసారి చప్పుడు చాల్లేదు, రెండోసారి ఎక్కువైంది.
లెన్ భార్య మొరీన్ కిటికీ తెరిచి
పిల్లినేమైనా చంపుతున్నారా అని అడిగింది.
మూడోసారి తెర అంచుల్లో చారలు పరిగెత్తాయి,
పసుపూ నీలమూ, పసుపూ నీలమూ,
మగ్గం మీంచి చీర అంచు జారిపోతున్నట్టు.
ఆగాయి.

నీ పేరేంటి?
అని అడిగాడు గ్యారీ.
అన్నీ పెద్దక్షరాలు, ఒక స్పెల్లింగు తప్పు.
పదేళ్ళుంటాయేమో అప్పుడు.
ఇప్పుడు యాభై దాటుండాలి, మోకాళ్ళు నొప్పులుండాలి,
ఏదో ఒక వార్డులో నేనే బీపీ చూసుండాలి.

వార్డులో నన్ను అలీ అంటారు.
బ్యాడ్జి మీదా అంతే, చోటు చాల్లేదట.
సరేనన్నాను. పిలిస్తే పలకడానికే కదా పేరు.

రబ్బరు మీటలు, వేలి కింద చచ్చిన నత్తల్లా.
ఏడు ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే నొక్కాను.
ఒక్కటీ కొయ్యలేదు వాడు.

హలో అలివేలు
హలో అలివేలు
హలో అలివేలు
తెర నిండాక ఆగి
ఇంకా జరపనా? అని అడుగుతుంది.

"అంతే, అదే పని దానికి" అన్నాడు లెన్,
"ఆపాలంటే ఎన్ నొక్కు. ఇంకేది నొక్కినా మళ్ళీ మొదలు."
టీ పెట్టమంటావా అన్నాడు. పెట్టమన్నాను.

చారల్లేవు, హోరు లేదు.
గోడవతల మొరీన్ కప్పులు కడుగుతోంది.
ఇంకా జరపనా?
ఎన్ ఎక్కడుందో తెలుసు నాకు.
అలివేలులో ఆ అక్షరం లేదు.