నలభై ఏడో పేజీ

కోఠిలో, పాత పుస్తకాల వరుస వెనక,
మెట్లెక్కుతుంటేనే జిగురు వాసన కొట్టే రెండో అంతస్తులో
మూడో తరగతి ఇంగ్లిష్ గైడుకి
పద్దెనిమిదో ముద్రణ ప్రూఫులు దిద్దుతున్నాను.
నలభై ఏడో పేజీ. ఒకటి, అనేకం.
ఎడమ గడిలో మాటలు ఒంటరిగా నిలబడి ఉంటాయి.
కుడి గడికి దాటేటప్పుడు చాలావాటికి
బుసకొట్టే తోక ఒకటి మొలుస్తుంది.
కొన్నిటికి మొలవదు.

ఫుట్ కడుపులో అచ్చు మార్చుకుని ఫీట్ అవుతుంది.
టూత్ కూడా. గూస్ కూడా.
మూస్ మాత్రం మారనంటుంది.
ఎందుకని అడిగే పిల్లలకి
తొంభై రూపాయల ఈ గైడులో జవాబు లేదు.
షీప్ ఒక్కటైనా షీపే, మందంతా షీపే.
జియాగూడ మండీలో చెప్పి చూడండి ఈ లెక్క!

ఆక్స్ పక్కన ఆక్సెన్.
పన్నెండో ముద్రణలో ఆక్సెస్ అని పడింది, ఆరు వేల కాపీలు.
ఎవరూ పట్టుకోలేదు. నేను చూసేసరికి బైండింగ్ కూడా అయిపోయింది.
ఆ ఏడాదంతా నా నిద్రలో ఎడ్లు తప్పిపోయేవి.

"దోనోఁ మౌసాఁ ఖరాబ్" అన్నాడు ఖలందర్ భాయ్
కంప్యూటర్ ముందు నుంచి.
మైస్ అనాలి భాయ్, అన్నాను.
"మైస్ అంటే గోదాంల కాయితాలు కొరికేటియి, సువర్ణమ్మా.
వీటికి వైర్లున్నయి."
ఆయన నోట అన్నీ అంతే: కితాబాఁ, బాతాఁ, లోగాఁ.
ఢిల్లీ నుంచొచ్చిన ఏజెంటు ఒకడు నవ్వితే
"ఈ ఊళ్ళ మేం ముక్కుతోని లెక్కబెడ్తం" అన్నాడు,
తల కూడా ఎత్తకుండా.

నా భాష తక్కువేం తినలేదు.
కన్ను కళ్ళయింది, ఇల్లు ఇళ్ళయింది,
చెయ్యి ఏకంగా చేతులైపోయింది.
ఆ 'తు' ఎక్కణ్ణించి వచ్చిందో అడక్కుండా
పాలతో పాటు తాగేశాం.
పాలు కూడా, అన్నట్టు, పుట్టు బహువచనమే. నీళ్ళూ అంతే.
ఇంగ్లిష్‌లో వాటర్ లెక్కకందని మాటట.
మంగళవారం మా అంబర్‌పేట గల్లీలోకి ట్యాంకరొచ్చినప్పుడు
ఎవరింటికి ఎన్ని బిందెలో
అక్షరం రాని సాయవ్వ కూడా చెబుతుంది.

ఈలోగా ఒక ఉత్తరం.
సైదాబాద్ నుంచి, రూళ్ళ కాయితం మీద, ఎవరో తల్లి.
మా బాబు కాక్టసెస్ అని రాశాడు.
మీ గైడులో కాక్టై ఉందని టీచరు కొట్టేసింది.
అర మార్కు పోయింది. రాత్రి అన్నం తినలేదు.
ఏది నిజమో మీ నిపుణులను అడిగి చెప్పగలరు.

నిపుణులు.
అట్ట మీద బంగారు రంగులో ఉన్న మాట నిజమే:
'అనుభవజ్ఞులైన ఉపాధ్యాయుల బృందం కూర్చినది.'
సేటు పెట్టించాడు.
ఆ బృందానికి కళ్ళజోడు ఒకటి, టిఫిన్ డబ్బా ఒకటి,
ఇంటర్‌లో ఇంగ్లిష్ తప్పిన మెమోలు రెండు,
జీతం ఒకటి.
సేటు ఆ బృందాన్ని "ఏం, నీది ఇంకా కాలేదా" అంటాడు.
ఖలందర్ భాయ్ ఒక్కడే 'మీరు' అంటాడు.
ఒక మనిషికి బహువచనం.
ఇన్నేళ్ళలో ఏ పట్టికలోనూ నేనది పెట్టలేదు.

అట్ట ఊడిన డిక్షనరీ తీశాను.
కాక్టస్ దగ్గర రెండూ ఉన్నాయి, మధ్యలో కామా పెట్టి.
అంతే, ఒక కామా.
ఇండెక్స్ దగ్గరా అంతే. ఫార్ములా, ఆక్టోపస్,
చివరికి భాయ్ చేతికింది మౌస్ దగ్గర కూడా.
గడి ఇరుకని పదిహేడు ముద్రణలు
ఒకదాన్నే కూర్చోబెట్టింది నేను.

రాశాను: అమ్మా, మీ బాబు రాసింది ఒప్పు.
టీచరు చెప్పిందీ ఒప్పే.
గైడు చెప్పింది సగం. ఆ అర మార్కు మేమే బాకీ.
సంతకం దగ్గర పెన్ను కాసేపు ఆగింది.
సేటు రబ్బరు స్టాంపు ముట్టకుండా, చేత్తోనే,
'ఇట్లు, మేము' అని పెట్టాను.

గడి వెడల్పు చెయ్యండి భాయ్, అన్నాను.
పట్టిక జారి కిందికొస్తుందనీ,
నలభై ఎనిమిదో పేజీలో ఆవు బొమ్మకి తోక తెగుతుందనీ
చాలాసేపు గొణిగాడు.
తెగనీండి అన్నాను.