మూడు రోళ్ల బరువు

యూమాలో జూలై.
పొద్దున్న తొమ్మిదికే స్టీరింగు చురుక్కుమంటుంది.
పదకొండు లాండ్రీల్లో చిల్లర పోగుచేసే మనిషిని నేను.
మెషీను పెట్టె తాళం తీసి
క్వార్టర్లు సంచిలోకి గుమ్మరించి
మళ్లీ ఎండలోకి.

నాకు ముందు ఈ పని వెర్నన్‌ది.
మే నెలలో, కోల్డ్ స్టోరేజి వెనక సందులో,
అతని చెయ్యి విరిచి సంచి పట్టుకుపోయారు.
నూట ఎనభై డాలర్లు. అంతా చిల్లరే.
"చలికాలమైతే కోటుండేది,
కోటులో ఏదో ఒకటుండేది" అన్నాడు,
ఎడంచేత్తో కాఫీ కలుపుకోలేక.

లోవెల్ టాకెట్ కొట్లో ఏసీ వణికిస్తోంది.
గాజుపలక కింద వరసగా పడుకున్నాయి,
మంచు మీద చేపల్లా.
ఎందుకని అడగలేదు లోవెల్.
"వేసవిలో ఏం బట్టలు వేసుకుంటావు?" అన్నాడు,
టేపు మెళ్లో వేసుకున్న దర్జీలా.

ముందు పెద్దది ఇచ్చాడు.
చేతిలో బుద్ధిగా కూర్చుంది, పేలిస్తే తన్నదు.
పల్చటి చొక్కా కింద దోపుకుని అద్దంలో చూసుకుంటే
పెనం మింగిన పాముని.

తర్వాత బుల్లిది.
జేబులో వేసుకుంటే ఉందో లేదో తెలీదు.
వెనక గదిలో అయిదుసార్లు పేల్చేసరికి
బొటనవేలి మొదలు కందిపోయింది.
"చిన్నవాటికి కోపమెక్కువ,
మా అత్తగారి కుక్కలాగ."

మూడోది పలచన.
చిటికెనవేలికి కాస్త చోటు, పిడికిలికి ఒక నమ్మకం.
నేను దేన్నైనా చిల్లరతోనే తూస్తాను:
గుళ్లతో సహా మూడు రోళ్ల క్వార్టర్లంత.

"చెమటలో ఉప్పుంటుంది, ఉక్కుని తింటుంది.
ఇంటికెళ్లగానే తుడువు,
నీ మొహం కడుక్కునే ముందు" అన్నాడు.
తోలు ఒర చెమట తాగుతుందట,
ప్లాస్టిక్ ఒర చర్మం గీరుతుందట.
గీరేదే తీసుకున్నాను, లోపలికో బనీను.
నలభై ఏడు డిగ్రీల్లో పొర మీద పొర వేసుకునేది
నేనూ, ఉల్లిపాయా.

పువ్వుల చొక్కా కొన్నాను, రెండు సైజులు పెద్దది.
పువ్వులు గుట్టు దాస్తాయి.
తెలుపు చాడీలు చెబుతుంది.

సంచి ఎడంచేతికి మారింది.
గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడు,
నా మోచెయ్యి నడుము తడుముకుంటుంది,
ఏ తలుపు కిర్రుమన్నా.
కింద పడ్డ నాణేనికి నడుం వంచను,
మోకాళ్ల మీద కూర్చుని తీస్తాను, ప్రార్థనలోలా.
ఊరంతా కాస్త గాలి వీస్తే చాలనుకుంటుంటే
చొక్కా అంచు పట్టుకుని
నేనొక్కదాన్నే గాలికి భయపడుతున్నాను.

గురువారం, ఎనిమిదో లాండ్రీలో, ఎర్లీన్.
ఎనభై నిండాయి. దుప్పట్లు ఉతకడానికి వస్తుంది.
మడత పెట్టడానికి ప్రతి వారం నేనే రెండో మనిషిని.
రెండు కొసలు నాకందించి
"చేతులు పైకెత్తు మరిసేలా, నేలకి తగులుతోంది" అంది.

చేతులు పైకెత్తు.

ఎత్తితే చొక్కా లేస్తుంది.
కొసలు రొమ్ము దగ్గరే పట్టుకుని నిలబడ్డాను.
తెల్లటి దుప్పటి మా ఇద్దరి మధ్యా
సబ్బునీళ్ల గచ్చు మీద ఈడ్చుకుంది.

ఎర్లీన్ నా మొహం చూసింది, పువ్వులు చూసింది.
కొసలు రెండూ మెల్లగా తీసుకుని
ఒక్కతే మడిచింది,
తనకన్నా పొడుగు మనిషిని కావలించుకున్నట్టు.
"మా ఆయన కూడా అంతే," అంది,
"వేసవిలో దుప్పట్లు పట్టేవాడు కాదు."
తడిసిన కొసని మళ్లీ మెషీన్లో పడేసి
నా వైపు చెయ్యి చాపింది, రెండు క్వార్టర్లకి.

రాత్రి గుడ్డతో తుడుస్తుంటే
గురిచూసే ముల్లు పక్కన ఒక చుక్క,
ఆవగింజంత, ఇటుకరంగుది.
మూడు వారాలకే.
నూనె వేసి రుద్దాను. పోలేదు.
నాలిక చివర పెట్టి చూశాను,
ఉప్పు నాదే.