గీసినోడు

నాను మంగయ్యని.
సిక్కోలు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో
సున్నం గీతలు గీస్తాను.
ఇరవయ్యేళ్ళై ఇదే పని.
ముగ్గు కాదిది,
ముగ్గైతే వంకర పోయినా ముచ్చటే.

ఆ యేడు టోర్నమెంటుకి
ఇసాపట్నం జట్టు తరపున
తెల్లారగట్ల రైల్లో ఆమదాలవలసలో దిగినాడు.
"తల పట్టింది గానీ
కాళ్ళు ఆటో బైటే ఉండిపోనాయి" అని
సూరప్పడు ఊరంతా సెప్పీసినాడు.

పేరు కొమ్లా.
వాళ్ళ టోగోలో
మంగళారం పుట్టినోడు కొమ్లా అట.
మా సీతంపేట కొండ మీద
మంగళారం పుట్టినోడు మంగడు.
నానూ మంగళారమే అన్నాను, గుండె మీద సెయ్యేసుకొని.
నవ్వి, నన్ను కొమ్లా అన్నాడు.
నాను అతన్ని మంగయ్యా అన్నాను.
ఆ వారమంతా
ఎవులు ఏ పేరు కేకేసినా
ఇద్దరం తిరిగేవోళ్ళం.

కేరళలో నేర్సిన మలయాళం ముక్కలు,
కలకత్తా హిందీ ముక్కలు,
మిగతాది మట్టి మీద ఏలుతో.
సముద్రం పక్క ఊరు. అయ్యది వల.
పదిహేడేళ్ళకి లోమేలో జట్టు,
ఆపైన ట్యునిస్,
ఆపైన సైప్రస్‌లో రెండు సలికాలాలు,
రెండో సలికాలం జీతం ఎగ్గొట్టినారు.
దేశం జెర్సీ పదకొండు మార్లు.
గోలు ఒక్కటీ నేదు.
"ఏసినోడి లెక్క రాస్తారు,
ఆపినోడి లెక్క ఎవులు రాస్తారు?"
అది నాకు సెప్పాలా బావూ,
ఆట మొదలైన పావుగంటకి
నా పని బూట్ల కింద ఉంటాది.

పన్నెండో మారు ఎందుకు పిలవనేదంటే
పుల్ల తీసి గీసి సూపినాడు.
అల్లది స్తంభం, ఇల్లిది స్తంభం.
మధ్యలో గీత
బెత్తెడు ముందుకి ఉబ్బింది, బాలింత కడుపులాగ.
బంతి ఆ బెత్తెడులో ఉంది.
కాలు సాపి తీసీసినాడు.
సున్నం దాటిందని జెండా ఎత్తినారు.
"దేశమంతా నా పేరెట్టి తిట్టింది.
గీత పేరు ఎవులూ ఎత్తనేదు."

గీసినోడు ఏమైనాడని అడగబోయి
అడగనేదు.
నాకు తెలుసు కదా వాడు.
ఒక సేత్తో డబ్బా, ఒక సేత్తో బీడీ,
కంటి కొలతే కొలత.
నాలుగు నెల్లు జీతం రాని కోపంలో
గీసి పారేసిన గీతలు నావి ఎన్ని నేవు?
ఆటి మీద ఏ గుంటడి
పన్నెండో ఆట పోయిందో.

ఆ రాత్రి నాగావళి ఒడ్డుకెళ్ళి
వలోళ్ళ కాడ నైలాను తాడు అడిగినాను.
స్తంభం నుంచి స్తంభానికి బిగించి,
సెల్లు లైటు నోట కరిసి,
పాక్కుంటా గీసినాను.
దోమలు నా వీపు మీద
వాటి ఆట అవి ఆడుకున్నాయి.

మర్నాడు సెమీస్.
సోంపేట గుంటడొకడు, ఇరవై నిండనేదు,
తాడు తెంపుకున్న దూడలాగ
కొమ్లాని దాటీసినాడు.
ముప్పయ్యారేళ్ళ మోకాలు, దానికో కట్టు,
వెనకాలే పరిగెత్తి, పడి, జారి,
బొటనేలితో బంతిని బైటికి లాగినాడు.
జెండా ఎత్తినారు. గోలు.
జట్టంతా లైన్స్‌మన్ మీద పడిపోనారు.
కొమ్లా లెగనేదు.
సెంప మట్టికి ఆనించి, ఒక కన్ను మూసి,
ఈ స్తంభం కాడ నుంచి ఆ స్తంభం దాకా
గీత ఎంట సూసినాడు.
అలా సూస్తానే ఉన్నాడు.
నా అరిసేతులు సెమర్సినాయి.
మరి లేసి,
గోలే అన్నట్టు తలూపి,
ఎవరికో సెయ్యెత్తినాడు.
స్టాండులోవోళ్ళు తమకే అనుకున్నారు.

రాత్రి రైలుకి ఎలిపోనాడు.
ఏ ఊరని అడిగితే
ఏలు దక్షిణానికి సూపినాడు.

పీఈటీ సారు ఇసుక్కుంటాడు,
పిల్లకాయల ఆటకి తాడెందుకయ్యా, టైమైపోతందని.
అవునంటాను.
బీడీ సెవి మీద ఎట్టుకొని
ముడి ఇంకా బిగిస్తాను.