తెరవకూడదు

టికెట్ చింపిన కుర్రాడికి తెలీదు
చినాన్న ఈ సబ్‌మెరైన్‌కి పాత చుట్టమని.
ఇది నీళ్ళలో తిరిగే రోజుల్లో
డాక్‌యార్డు గోడకి ఇవతల నిలబడి
"మనోళ్ళ చేతిపనే అది" అనేవాడట.
మనోళ్ళంటే గాజువాక వాళ్ళు కాదు,
లెనిన్‌గ్రాడ్ వాళ్ళు.

ఇప్పుడది ఇసకలో ఉంది.
మురీ మిక్చర్ బండి గంట
దాని ఇనప కడుపుకి తగిలి వెనక్కొస్తోంది.

లోపల నడుం వంచాలి.
డెబ్బయ్యారేళ్ళ నడుం,
ఏ మేనేజరు ముందూ వంగలేదని
పెళ్ళి భోజనాల దగ్గర కూడా చెప్పుకునే నడుం,
గుండ్రటి తలుపు దగ్గర వంగింది.
"తల జాగ్రత్త" అన్నాడు గైడు.
తలుపు గురించే.

గోడల నిండా గడియారాల్లాంటివి.
ఏ ముల్లూ కదలదు.
వాటి కింద బోర్లించిన అక్షరాలు, కొక్కేల్లాంటి అక్షరాలు.
యూనియనాఫీసు మేడమీద రాత్రిబడిలో
కోరాడ మాస్టారు నేర్పినవి.
మాస్టారు జ్వరంతో పోయాక
రష్యా భాష పదకొండో పాఠం దగ్గర ఆగిపోయింది.
చినాన్న కళ్ళజోడు తుడుచుకుని
ఇత్తడి రేకు మీద వేలు పెట్టాడు.
"నె... అత్... క్రి... వాత్."
అంటే?
"తెరవకూడదు."
ఏది తెరవకూడదో రాసి లేదు.

వెనక ఎవరో నవ్వారు.
ఎండకి కందిన భుజాలు, నెరిసిన జడ.
పేరు ఇల్జె, రీగా నుంచట.
నా ఇంగ్లీషు వాళ్ళిద్దరి మధ్యా
మెట్టు విరిగిన నిచ్చెన.

వాళ్ళ ఊళ్ళోనూ ఉందట ఇలాంటిదొకటి.
పడవ కాదు, వీధి మలుపులో మేడ.
కింద గదులు. ఇలాంటి ఇనప తలుపులే,
గొళ్ళెం మాత్రం బయటివైపు.
అమ్మమ్మ తమ్ముడు ఆ మెట్లు దిగాడు.
ఎక్కినట్టు ఏ రిజిస్టర్లోనూ లేదు.
"ఇప్పుడు బడిపిల్లలొస్తారు.
కోట్లు తగిలించుకోడానికి మేకులున్నాయి" అంది.

"ఏటంటాదే గుంటా?"
సగమే చెప్పాను.
మిగతా సగం నా మొహంలో చదువుకున్నాడు.

కాసేపు పడకల్ని చూశాడు.
ఒకడు లేస్తేనే ఇంకొకడు పడుకునే పడకలు.
సమ్మె నిధికి చిన్నమ్మ కమ్మలు ఇచ్చేసిన ఏడు
రాత్రుళ్ళు రేడియో చెవికి ఆనించుకుని పడుకునేవాడు.
మాస్కోలో కూచుని తెలుగు వార్తలు చదివే ఆడగొంతు.
చిన్నమ్మ దానికి సవతి అని పేరు పెట్టింది.

"అడగవే. ఇస్కూలు ఊరికినే గదా ఆళ్ళకి? ఆస్పత్రి?"
అవునంది ఇల్జె.
గైడు పక్క గదిలోకి వెళ్ళిపోయేదాకా ఆగి
"రొట్టె కూడా,
వరస చివరిదాకా మిగిలితే" అంది.
ఇది మొత్తం చెప్పాను.

బయట గాలి. ఉప్పు.
ప్రొపెల్లరు ముందు కొత్త దంపతులు ఫొటో దిగుతున్నారు.
ఇల్జె మురీ మిక్చర్ తిని దగ్గింది,
చినాన్న తన నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు.
ఆ తర్వాత నా వైపు తిరిగి,
"మన దాని తలుపుకి
గొళ్ళెం ఏ పక్కనుందే?"

చూళ్ళేదు చినాన్నా.

జేబులో చిల్లర లెక్కపెట్టుకుంటూ
ఆయన మళ్ళీ
టికెట్ల కిటికీ వైపు నడిచాడు.