జిగురు లేని పీరియడ్

"ఇంట్లో పారేసేవి పట్టుకు రండి"
అన్నాను శుక్రవారమే.
తెచ్చారు.
పెళ్లికార్డులు, బంగారు వినాయకుళ్లతో సహా.
ఉస్మానియా బిస్కెట్ల అట్టపెట్టె, అడుగున ఇంకా పొడి.
గాజుల డబ్బా,
చార్మినార్ దగ్గర కొన్నదని ఇందుజ మూడుసార్లు చెప్పింది.
ఎల్లేశు తెచ్చిన కూల్‌డ్రింక్ సీసాల్లో
ఒకటి సగం నిండే ఉంది.
దాన్ని ఖాళీ చేసే బాధ్యత
వెనక బెంచీ మొత్తం పంచుకుంది.

జోహ్రా ఒక్కతే ఉత్త చేతులతో వచ్చింది.
"మా ఇంట్ల పారేసేది ఏం లేదు టీచర్."
సాకు అనుకున్నాను.
పద్నాలుగేళ్లుగా సాకులు వింటున్న చెవులు నావి.

బల్లమీద తెల్ల జిగురు, మెరుపుల పొడి,
శిక్షణ శిబిరంలో నేను చేసిన నెమలి.
సీసా ఒళ్లు, సీడీల తోక, చొక్కా గుండీల కళ్లు.
జిల్లాలో రెండో బహుమతి.
"చెత్త నుంచి అందం" అన్నాను.
అది సర్క్యులర్లోని మాట, నాది కాదు.

ఎల్లేశు కుంచె ముంచాడు.
జోహ్రా వాడి మణికట్టు పట్టుకుంది.
"అరే, రంగు ఎయ్యకు. ఎవ్వరు కొనరు."

తరగతి నవ్వింది.
నేను నవ్వలేదు. కొంచెం నవ్వానేమో.

ఆ పిల్ల సీసా అందుకుంది.
మూత తిప్పి పక్కన పెట్టింది.
మెడ చుట్టూ రింగును పంటితో లాగింది.
పేరున్న పన్నీని గోటితో ఒలిచింది,
అరటిపండు ఒలిచినంత తేలిగ్గా.
"మూతలు ఒక బోరా. సీసాలు ఒక బోరా.
పన్నీ ఒక బోరా, దానికి పైసలు తక్కువ.
మా నానీకి కండ్లు కనపడవు,
చప్పుడు విని చెప్తది."

నలిపి వినిపించింది.
సీసా కటకటలాడింది.
మూత టక్కుమంది.
పాలపాకెట్టు గుసగుసలాడి ఊరుకుంది.
ముప్ఫయ్యారుమంది కళ్లు మూసుకున్నారు,
ప్రార్థనలో కూడా మూసుకోనివాళ్లు.

భోలక్‌పూర్ సందులో ఆ ఇల్లు తర్వాత చూశాను.
నిజమే, పారేసేది ఏమీ లేదు.
గడప నుంచి కప్పు దాకా ఊరు పారేసిందే,
మధ్యలో మనుషులకు ఒక చాప వెడల్పు జాగా.
జిగురంటిన డబ్బా చేతికి తగిలితే నానీ
పక్కకు తోసి అంటుంది:
"చదువుకున్నోళ్ల పని."

మరుసటి శనివారం
జిగురు బీరువాలో పెట్టి తాళం వేశాను.
కట్టొచ్చు, మడవొచ్చు, ఒకదాంట్లో ఒకటి దూర్చొచ్చు.
విప్పితే మాత్రం విడిపోవాలి.
రూలు జోహ్రాది, బోర్డుమీద చేతిరాత నాది.

పర్శరాం బస్సు మూడుసార్లు కూలింది.
పెళ్లికార్డుల మేడ ఫ్యాను వేయగానే లేచిపోయింది.
మెరుపుల పొడి లేకుండా నక్షత్రం ఎట్లా అవుతుందని
ఇందుజ ఏడ్చింది.
నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

నిలబడింది తరాజు ఒక్కటే.
ఇస్త్రీ దుకాణం హ్యాంగరు,
రెండు సీసాల అడుగులు,
పూలపొట్లం దారం.
ఒక పళ్లెంలో చాక్‌పీసు, ఒక పళ్లెంలో రబ్బరు.
అది ఊగి, ఊగి, ఆగేదాకా
ఎవరూ తుమ్మలేదు.

ప్రదర్శనకు వచ్చిన అధికారి "రంగులేవీ?" అన్నారు.
బహుమతి రాలేదు.
సోమవారం అన్నీ విప్పేశాం.
కట్టడం కన్నా విప్పడమే ఇష్టంగా చేశారు,
అది నేను అనుకోలేదు.
జోహ్రా వాళ్ల అబ్బా మూడు బోరాలూ తూచి
ముప్ఫయ్యెనిమిది రూపాయలు ఇచ్చాడు.
ఒక దారపు ఉండ కొన్నాం.
మిగతా చిల్లర సంగతి నేను అడగలేదు,
వెనక బెంచీ నాలుకలు మాత్రం నారింజ రంగులో ఉన్నాయి.

ఆ సాయంత్రం స్టాఫ్‌రూంలో
నెమలిని దించమని అడిగింది జోహ్రా.
తిప్పి చూసింది. తోక లాగింది, రాలేదు.
చెవి దగ్గర పెట్టుకుని గోటితో మెల్లగా కొట్టింది.

"ఏ బోరా?" అన్నాను.

చాలాసేపు విన్నది.
మళ్లీ బీరువామీదే పెట్టి,
గోడకు తోక తగలకుండా సర్ది,
"ఇది ఏడికీ పోదు టీచర్"
అంది.